ముందు వెన్ను చూడండి

తాతగారి ట్రంకు పెట్టెలో ఒక మడత చాకు దొరికిందనీ, పిడి పగిలి బ్లేడు తుప్పు పట్టినా దాన్ని చేతిలోంచి దించబుద్ధి కావడం లేదనీ, అలాంటివి పోగుచేయాలని ఉందనీ రాశారు. పాతవి వెతికి కొనాలా, పాత నమూనాలనే ఇప్పటి ఉక్కుతో చేస్తున్న కొత్తవి కొనాలా అన్నది మీ సందేహం. మొదటి ఏడాదికి 20 వేల రూపాయలు పక్కన పెట్టానన్నారు. కావలి నుంచి ఇంత ఓపికగా అడిగితే నెల్లూరులో ఖాళీగా కూర్చున్న ముసలివాడు చెప్పకుండా ఉంటాడా?

సలహా ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కొత్తవే కొనండి. ఏడాదికి మూడు చాలు. కొనేటప్పుడు ఉక్కు పేరు ఆఖరున చదవండి, బ్లేడు వెన్ను, అంటే కోసే అంచుకు ఎదురు వైపు, ఎంత మందమో ముందు అడగండి.

ఈ వెన్ను గోల నాకు మా తాతగారి నుంచి అంటుకుంది. ఆయన సైదాపురం వైపు మైకా షెడ్డులో పొరలు తీసే పని చేసేవారు. గనిలోంచి వచ్చిన అభ్రకం దిమ్మ పుస్తకంలా ఉంటుంది, వ్యాపారంలో దాని పేరు కూడా పుస్తకమే. అంచున కత్తి మొన ఆనించి మెల్లగా తోస్తే ఒక పొర లేస్తుంది. దాన్ని మళ్ళీ రెండు చేయాలి, ఆ రెండింటినీ మళ్ళీ రెండేసి. కత్తి కాస్త మందమైతే పొర లేవదు, చిట్లుతుంది. షెడ్డు కత్తులు షెడ్డులోనే ఉండేవి. ఆయన సొంత చాకు మాత్రం చుట్టల కట్టతో పాటు చొక్కా జేబులో ఉండేది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చేసిన చాకు. జోసెఫ్ రాజర్స్ కంపెనీ వారి నక్షత్రం, శిలువ ముద్రలో నక్షత్రం ఒక్కటే మిగిలింది, మిగతాది తోమి తోమి అరిగిపోయింది.

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో దాన్ని మైక్రోమీటరుతో కొలిచాను. వెన్ను 1.8 మిల్లీమీటర్లు. వాదరకు, అంటే కోసే అంచుకు, కాస్త పైన, పదును పెట్టిన గీత మొదలయ్యే చోట, పావు మిల్లీమీటరు కూడా లేదు. చాలా ఏళ్ళ తర్వాత, పదవీ విరమణ డబ్బు చేతిలో ఆడుతున్న రోజుల్లో, టైటానియం పిడి, పేరు గొప్ప ఉక్కు ఉన్న 'సంప్రదాయ' చాకు ఒకటి తెప్పించాను. బొమ్మలో అచ్చం తాతగారి చాకే. వెన్ను 3.2 మిల్లీమీటర్లు, వాదర పైన ముప్పాతిక. పదును తక్కువేమీ కాదు, చేతి మీద వెంట్రుకలు గొరిగేది. నిమ్మకాయ మీద పెడితే తోలు తెగేది, ఆ తర్వాత మందం లోపలికి దిగేసరికి కాయ తెగడం మానేసి చీలేది, రసం బల్ల మీద పారేది. మా ఆవిడ అది చూసి కత్తిపీట ముందుకు జరిపింది. తాతగారి చాకు సగం మొద్దుబారి ఉన్నా దానికంటే నయంగా కోస్తుంది. పదును వేరు, కోత వేరు అని నాకు తెలిసి వచ్చింది ఆ నిమ్మకాయ దగ్గరే.

పాత నమూనాల కొత్త చాకుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే తప్పుతాయి. తయారీదారులు రూపం పాతది తీసుకుంటారు, బ్లేడు మాత్రం పెట్టెలు పగలగొట్టడానికి పనికొచ్చే ఇప్పటి మడత కత్తి నుంచి తీసుకుంటారు. చాకు అంటే కలం చెక్కడానికి, పండు కోయడానికి, పురి తెంపడానికి పుట్టిన వస్తువు. ఈకల కలాలు చెక్కుకోవడానికి వాడినందువల్లే ఇంగ్లీషువాళ్ళు దాన్ని కలం కత్తి అన్నారు. మన దక్షిణాదిలోనూ తాటాకు మీద రాసే గంటానికి ఒక పక్క మడిచే చిన్న కత్తి కలిపి చేసేవారు. రాతకు గంటం, ఆకు అంచులు కత్తిరించడానికి కత్తి. మ్యూజియంలలో అలాంటివి కనిపిస్తే కాసేపు ఆగి చూడండి, కీలు ఎంత పొందికగా ఉంటుందో.

కీలు సంగతికి వస్తాను, ఎందుకంటే సేకరణలో నిజమైన రుచి అక్కడే ఉంది. పాత చాకులో తాళం ఉండదు. పిడి వెనక వైపున ఒక ఉక్కు పట్టీ స్ప్రింగులా వంగి బ్లేడు మొదలును నొక్కుతూ ఉంటుంది. ఆ మొదలు చదరంగా ఉంటే బ్లేడు సగం తెరిచినప్పుడు ఒకసారి ఆగుతుంది, పూర్తిగా తెరిచినప్పుడు టక్‌మని కూర్చుంటుంది. గుండ్రంగా అరగదీసి ఉంటే మధ్యలో ఆగదు, ఒకే ఊపులో తిరుగుతుంది. సగం దగ్గర ఆగేది మంచిదా, ఆగనిది మంచిదా అని సేకరించేవాళ్ళు గంటలు గంటలు వాదించుకుంటారు. నాకు ఆగేదే ఇష్టం. మూసేటప్పుడు వేలు ఎక్కడ ఉందో చూసుకోవడానికి ఒక క్షణం ఇస్తుంది.

చాకు చేతిలోకి రాగానే మూడు స్థితుల్లోనూ, అంటే మూసినప్పుడు, సగంలో, పూర్తిగా తెరిచినప్పుడు, వెనక వేలితో రాసి చూడండి. స్ప్రింగు పట్టీ పిడితో సమంగా ఉండాలి. ఒక చోట పైకి లేచి, ఇంకో చోట దిగి ఉంటే కొలతలు సరిగా పట్టించుకోలేదన్న మాట. తర్వాత దాన్ని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పట్టీకీ పక్కనున్న ఇత్తడి రేకుకీ మధ్య వెలుగు గీత కనిపించకూడదు. బ్లేడు తెరిచి పక్కలకు ఊపితే కదలకూడదు. మూసినప్పుడు వాదర లోపలి పట్టీకి తగులుతోందేమో చూడటానికి ఒక చిన్న ఉపాయం ఉంది: వాదర మీద స్కెచ్ పెన్నుతో గీసి, మూసి, తెరిచి, రంగు ఎక్కడైనా చెరిగిందేమో చూడండి. చెరిగితే ప్రతి మూతకూ మీ పదును అక్కడ పోతున్నట్టే. ఇక లాగుడు. గోరు గాడిలో గోరు పెట్టి లాగితే గోరు విరిగేంత బిగువు గొప్ప కాదు. అది మగతనం అనుకునే వాళ్ళున్నారు, వాళ్ళ గోళ్ళు వాళ్ళ ఇష్టం. వదులుగా ఉండి జేబులో దానంతట అదే తెరుచుకుంటే మాత్రం ఇంకా ప్రమాదం.

తాళం లేదన్న మాట మరిచిపోవద్దు. నా ఎడమ చూపుడు వేలి మీద ఒక తెల్ల గీత ఉంది. ఒక వేసవిలో ఒంగోలు రోడ్డు పక్కన ముంజెలు కొని, బండి దగ్గర ఓపిక పట్టలేక, తాటికాయ కన్నులో నా చాకు మొన గుచ్చి తిప్పబోయాను. మొన ఇరుక్కుంది, నేను వెనక్కి తిప్పాను, స్ప్రింగు లొంగింది, బ్లేడు మడుచుకుని వేలి మీదకు వచ్చింది. ముంజెలు అమ్మే ఆవిడ తన కొడవలి పక్కన పెట్టి నా వేలికి గుడ్డ కట్టింది, ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. ఇలాంటి చాకుతో వాదర వైపు నొక్కి కోయాలి, పొడవడం, గుచ్చి తిప్పడం పనికిరాదు.

ఇప్పుడు ఆ మూడు ఏమిటో చెబుతాను. ఇవి నా ఎంపికలు, మరొకరిని అడిగితే వేరే మూడు చెబుతారు.

మొదటిది ఓపినెల్ 8వ నంబరు. ఫ్రాన్స్‌లోని సావోయ్ కొండల్లో జోసెఫ్ ఓపినెల్ 1890లో చేసిన రైతు చాకు. 1 నుంచి 12 దాకా నంబర్లతో పరిమాణాలు పెట్టారు, 8వ దాని బ్లేడు 8.5 సెంటీమీటర్లు. దీనికి వెనక స్ప్రింగు లేదు, కొయ్య పిడిలో గాడి, ఒక మేకు, అంతే. 1955లో మెడ దగ్గర తిరిగే ఉక్కు ఉంగరం చేర్చారు, దాన్ని తిప్పితే బ్లేడు కదలదు. వందేళ్ళ నాటి వస్తువుకు కొత్త రూపం ఎలా ఇవ్వాలో తెలియాలంటే ఆ ఉంగరం చూస్తే చాలు: ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఉన్న లోపం ఒక్కటీ తీర్చారు. వెన్ను సుమారు 1.7 మిల్లీమీటర్లు, అందుకే ఇంత తక్కువ ధరలో ఇంత బాగా కోసే చాకు నాకు మరొకటి తెలియదు. కార్బన్ ఉక్కు రకం, తుప్పు పట్టని రకం రెండూ ఉన్నాయి. మీరుండేది సముద్రానికి దగ్గర, తుప్పు పట్టనిదే తీసుకోండి. దీనికి ఒకటే జబ్బు. మన ఈశాన్య ఋతుపవనాల వానలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బీచ్ అనే చెట్టు కొయ్య ఉబ్బి బ్లేడు ఇరుక్కుపోతుంది. గోరుతో పెనుగులాడకండి. ఉంగరం వదులుచేసి పిడి వెనక చివరను బల్ల అంచుకు కొడితే బ్లేడు దానంతట అదే కాస్త బయటకు వస్తుంది. సావోయ్ వాళ్ళు తరతరాలుగా చేసే పని ఇది. కొనగానే పిడికి అవిసె నూనె రెండు మూడు పూతలు పట్టించి ఆరబెడితే ఉబ్బడం చాలా తగ్గుతుంది. అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది, కొయ్యకు అదే కావాలి. కీలులోకి మాత్రం పోనివ్వకండి, అక్కడ గట్టిపడితే పెద్ద తలనొప్పి.

రెండోది విక్టోరినాక్స్ వారి అల్యూమినియం పిడి పయొనీర్. ఎర్ర ప్లాస్టిక్ పిడి స్విస్ చాకు అందరికీ తెలుసు, దానికి మాతృక సైనికుడి చాకు. స్విస్ సైన్యం 1891లో మొదటిసారి చాకులు తీసుకున్నప్పుడు స్విట్జర్లాండ్‌లో అన్ని చేసే శక్తి లేక తొలి విడత జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చాయి. అధికారుల చాకుకు 1897లో రక్షణ హక్కు తీసుకున్నారు. పయొనీర్ వెనక స్ప్రింగు చాకే, మన పాత చాకుల కుటుంబమే. ఒక బ్లేడు, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది, బెజ్జాలు పొడిచే ఒక ఆర. గోతాలు కుట్టేవాళ్ళకు ఆ ఆర విలువ తెలుస్తుంది. ఉక్కు మెత్తనిది, కాఠిన్యం రాక్‌వెల్ కొలమానంలో 56 దగ్గర. దాన్ని చూసి పెదవి విరిచేవాళ్ళున్నారు. ఆ మెత్తదనం వల్లే వంటింట్లో పింగాణీ కప్పు అడుగున నాలుగు సార్లు రుద్దితే పదును తిరిగి వస్తుంది. సేకరణలో ఇది ఎందుకంటే, ఇక ముందు మీరు చూసే ప్రతి చాకు టక్‌మనే శబ్దాన్నీ, బిగువునూ దీనితో పోల్చి చూస్తారు. యంత్రం మీద చేసినందువల్ల ఒకటి మరొకదానిలాగే ఉంటుంది, అది తూకం రాయి లాంటిది.

మూడోది జపాన్ హిగోనోకామి. మికి అనే కమ్మరి పట్టణంలో 1890ల నుంచి చేస్తున్నది. మడిచిన ఇత్తడి రేకే పిడి. బ్లేడు మొదలు నుంచి ఒక చిన్న తోక బయటకు వస్తుంది, బొటనవేలితో దాన్ని నొక్కి పట్టుకుంటే బ్లేడు తెరిచి ఉంటుంది. స్ప్రింగు లేదు, తాళం లేదు, మీ బొటనవేలే తాళం. ఒకప్పుడు అక్కడి బడి పిల్లలు పెన్సిళ్ళు దీనితోనే చెక్కేవారు. 1960ల మొదట్లో పిల్లల చేతిలో కత్తి వద్దని ఉద్యమం వచ్చి ఈ పరిశ్రమ దాదాపు మూతపడింది, ఇప్పుడు ఆ పేరు మీద హక్కుతో చేసేది ఒక్క కుటుంబమే. మంచి రకంలో గట్టి కార్బన్ ఉక్కును రెండు మెత్తని ఇనుప పొరల మధ్య పెట్టి కొడతారు. తుప్పు పడుతుంది, పట్టనివ్వండి. అంటే ఎర్ర తుప్పు కాదు, నల్ల పొర.

నిమ్మకాయలు కోయండి, మామిడికాయ ఊరగాయ ముక్కలు కోయండి. వారం తిరిగేసరికి బ్లేడు బూడిద రంగు, తర్వాత నీలి నలుపు అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టి కసిమి చేసి, కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే నల్లగా తేలుతుంది కదా, ఇనుము మీద పులుపూ వగరూ పనిచేసి వచ్చే ఇదీ అలాంటి నలుపే. ఆ పొర పట్టాక ఎర్ర తుప్పు అంత తొందరగా రాదు. కార్బన్ ఉక్కు అంటే భయపడేవాళ్ళకు నేను చెప్పేది, పొదలకూరు నిమ్మకాయలు ఒక బుట్ట కొని కూర్చోమని.

ఈ మూడింటికీ మీరు పెట్టుకున్న దానిలో సగానికి కాస్త అటూ ఇటూ అవుతుంది. మిగిలింది పదును రాళ్ళకు, మందం కొలిచే ఒక మంచి కాలిపరుకు పెట్టండి. ఆరు నెలలు మూడింటినీ జేబులో వంతులవారీగా తిప్పండి. మీ చేతికి ఏది కావాలో మీ చేయే చెబుతుంది. ఆ తర్వాత, రెండో ఏడాదిలో, నాలుగోది పెద్దది కొనుక్కోవచ్చు.

ఆ పెద్దది ఏదైతే బాగుంటుందంటే, నాకు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి అమెరికాలో పాత పద్ధతి కంపెనీల దారి. కేస్ అనే కంపెనీ 1889 నుంచి ఉంది, పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్ వాళ్ళ ఊరు. వాళ్ళ చాకు బ్లేడు మొదట్లో ఉండే అంకెలు చదవడం నేర్చుకుంటే సగం సేకరణ విద్య వచ్చినట్టే. మొదటి అంకె పిడి దేనితో చేశారో, రెండోది ఎన్ని బ్లేడులో, మిగిలినవి ఏ నమూనానో చెబుతాయి. 6254 అంటే చెక్కిన ఎముక పిడి, రెండు బ్లేడులు, 54వ నమూనా, అంటే ట్రాపర్. 1970 నుంచి ముద్ర కింద చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడు పది చుక్కలు, తర్వాత ఏటా ఒకటి తగ్గుతూ వచ్చింది. భూతద్దంతో చుక్కలు లెక్కపెట్టి పుట్టిన ఏడు చెప్పేయవచ్చు. అదే రాష్ట్రంలో టైటస్‌విల్‌లో 2006లో మొదలైన గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ అచ్చం వందేళ్ళ నాటి పద్ధతిలో, కార్బన్ ఉక్కుతో, చిన్న చిన్న విడతలుగా చేస్తుంది. విడత అయిపోయాక ధర వేలంలో పెరుగుతుంది. అందుకే దాన్ని కొని వాడకుండా పెట్టెలో దాచేవాళ్ళు ఎక్కువయ్యారు, నాకది చిరాకు.

రెండో దారి ఇటలీ, అమెరికాల్లో కొందరు చేస్తున్న నవీన చాకులు: బార్లో, జాక్ అనే పాత నమూనాలు, టైటానియం లేదా కార్బన్ ఫైబర్ పిడి, రివెట్ల బదులు విప్పగల స్క్రూలు, పొడి లోహంతో చేసిన ఉక్కు. ఇటలీలోని మనియాగో ఊళ్ళో లయన్‌స్టీల్ కంపెనీ చేసే బార్లో ఈ కోవకు చెందిందే, అందులో ఎం390 ఉక్కు. స్క్రూలు మెచ్చదగ్గ మార్పు. మన ఇసుక, మన తేమ కీలులో చేరితే విప్పి కడిగి మళ్ళీ బిగించుకోవచ్చు, రివెట్టు చాకుకు ఆ భాగ్యం లేదు. ఉక్కు విషయంలోనే తటపటాయిస్తాను. ఎం390లో క్రోమియం 20 శాతం, వెనేడియం 4 శాతం. తుప్పు దాదాపు పట్టదు, పదును నెలల తరబడి నిలుస్తుంది. అయితే వెనేడియం కార్బైడ్ మామూలు సాన రాయిలోని రేణువుల కన్నా గట్టిది. పదును పోయిన రోజు మీ రాయి అరుగుతుంది, బ్లేడు నవ్వుతుంది. వజ్రపు పొడి పలక ఉంటే తప్ప దాని జోలికి పోకండి. జామకాయ కోయడానికి అంత ఉక్కు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే అనుకోండి, కానీ సేకరణ అంటేనే కొంత బ్రహ్మాస్త్రాల పిచ్చి కదా. అలాంటిది కొన్నా అమ్మేవాడిని ఒక్క ప్రశ్న తప్పక అడగండి, వాదర పైన మందం ఎంత అని. అర మిల్లీమీటరు దాటితే నేను కొనను. చెప్పలేనంటే అసలే కొనను.

పేర్లు చూసి మోసపోకండి. లగియోల్ అనేది ఫ్రాన్స్‌లో ఒక ఊరు, ఆ ఊరి చాకు స్ప్రింగు మీద తేనెటీగ బొమ్మతో అందంగా ఉంటుంది. ఆ పేరును ఏ దేశంలో ఎవరైనా తమ చాకు మీద కొట్టుకుంటున్నారు. ఊరు గొప్పదే, పేరే దిబ్బ అయింది. నేను ఒక పట్టణపు బహుమతుల దుకాణంలో కొన్నదాని తేనెటీగ మూడో నెలలో ఊడి చేతికొచ్చింది, జిగురుతో అంటించారు. అసలుదానిలో అది స్ప్రింగు ఉక్కులోంచే చెక్కినదో, దానికి వెల్డింగుతో అతికినదో అయి ఉంటుంది. డమాస్కస్ అని అలల గీతలతో అమ్మేవాటి సంగతీ అంతే. అసలు డమాస్కస్ కత్తుల ఉక్కు మన దక్కను మూసల్లో కరిగి ఓడలెక్కింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చేవి రెండు రకాల ఉక్కు పొరలు అతికి కొట్టినవి. అందులో మంచివీ ఉన్నాయి, ఆసిడ్‌తో పైపైన గీతలు దించినవీ ఉన్నాయి. వెన్ను మీద కూడా గీతలు కొనసాగుతున్నాయా అని చూడండి. మళ్ళీ వెన్నే.

పిడుల గురించి క్లుప్తంగా చెబుతాను. వందేళ్ళ పాటు షెఫీల్డ్, జోలింగెన్ చాకుల పిడులకు మన కణితి, అంటే సాంబార్ జింక, కొమ్ము పోటీ లేని సరుకు. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం, ఏనుగు దంతం సంగతి చెప్పనక్కరలేదు. ఎవరైనా చాటుగా కొమ్ము పిడి చాకు చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. ఎర్రచందనం పిడి చేయించుకుందామన్న ఆలోచన మన జిల్లావాళ్ళకు రావడం సహజం, నాకూ వచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మానుకున్నాను, తనిఖీలో సమాధానం చెప్పే ఓపిక లేదు. తుమ్మ చేవ తీసుకోండి. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే పనివాళ్ళ చేతిలో చాకు పిడికి సరిపడే చిన్న ముక్క పెట్టి చూడండి. నేను విరిగిన పిడి ఉన్న ఒక జర్మన్ చాకును అక్కడికి తీసుకెళ్ళాను. కొలత తీసుకోవడానికి స్కేలు అడగలేదు, బొటనవేలితో ఒకసారి తడిమాడు, అంతే. పాత ముక్క కన్నా కొత్తది నిండుగా అమరింది. ఇక సెల్యులాయిడ్ పిడులు. పాత చాకుల్లో ముత్యం లాగా, తాబేటి చిప్ప లాగా మెరిసేవి చాలావరకు అవే. వయసు మళ్ళాక అది చెడి, ఆవిరి వదిలి, పక్కనున్న చాకులన్నిటినీ తుప్పు పట్టిస్తుంది. ఒక వేసవిలో నా పెట్టెలో ఏడు చాకులు అలా పాడయ్యాయి. ఆ ఒక్కటీ వేరే గదిలో పెట్టి ఉంటే మిగతావి బతికేవి.

మన గాలిలో ఉప్పుంది, అది గుర్తుంచుకుని దాచండి. తోలు ఒరలో పెట్టి బీరువాలో పడేయకండి, తోలు తేమ పీల్చి బ్లేడుకు అంటిస్తుంది. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె కీలులో వేస్తే కొన్నాళ్ళకు జిగురవుతాయి. కుట్టు మిషన్ నూనె చుక్క చాలు. పండ్లు కోసే బ్లేడుకు మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ పూయండి, ఆ కాస్త కడుపులోకి పోయినా హాని లేదు. ఇత్తడి రేకుకు పట్టే పచ్చటి చిలుము పాత టూత్ బ్రష్షుతో పోతుంది. విజయదశమికి ఆయుధ పూజలో చాకులు పెడితే ఆ సాయంత్రమే పసుపు కుంకుమ తుడిచేయండి, నిద్రచేయిస్తే తెల్లారేసరికి తడి బొట్టు కింద ఎర్ర మచ్చ ఉంటుంది. అమ్మవారు ఏమీ అనుకోరు.

పదును మీరే పెట్టుకోవాలి. సైకిలు చక్రం తిప్పుతూ వీధిలో వచ్చే సానవాడి చేతికి కత్తిపీట ఇవ్వండి, కొడవలి ఇవ్వండి, చాకు మాత్రం ఇవ్వకండి. ఆయన పని మీద తక్కువ చూపు కాదు ఇది. సన్నని వాదర ఆ రాయి మీద క్షణంలో వేడెక్కి నీలం తిరుగుతుంది, నీలం తిరిగిన చోట ఉక్కు బిగువు పోయినట్టే, మళ్ళీ రాదు. నా దగ్గరి చవకైన పద్ధతి ఇది: చీమకుర్తి నల్ల గ్రానైట్ ముక్క ఒకటి, ఏ గ్రానైట్ దుకాణం వెనకైనా పడి ఉంటుంది. పాలిష్ చేసిన వైపు అద్దంలా సమంగా ఉంటుంది. దాని మీద నీళ్ళు చల్లి 400, 1000, 2000 నంబర్ల తడి ఎమెరీ కాగితాలు పరచండి. వాదరను వెనక్కి లాగుతూ, అంటే వెన్ను ముందు నడుస్తూ, ఒక్కో వైపు 15 డిగ్రీల దగ్గర పట్టుకుని రుద్దండి. కోణం తెలియాలంటే రెండు రూపాయి బిళ్ళలు పేర్చి వాటి మీద వెన్ను ఆనించి మొదలుపెట్టండి, తర్వాత చేతికి అలవాటవుతుంది. ఆఖరున పాత తోలు బెల్టు లోపలి వైపు పదిసార్లు లాగండి.

చట్టం సంగతి అడగలేదు గానీ చెప్పి ఉంచుతాను. 1959 ఆయుధ చట్టం కింది నిబంధనలు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉండి, ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనులకు కాకుండా చేసిన కత్తులను ఆయుధాల్లో చేర్చాయి. మనం మాట్లాడుకునేవన్నీ మూడు, మూడున్నర అంగుళాలే. అయినా బొత్తాం నొక్కితే ఎగిరి తెరుచుకునే వాటి జోలికి పోకండి, అవి ఈ సేకరణకు చెందినవి కావు, పోలీసుకు వివరించడమూ కష్టం. విమానంలో చేతి సంచిలో వద్దు. తిరుమల వెళ్ళేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్ళండి. నేను ఒకసారి జేబు తడుముకోకుండా బయలుదేరి అలిపిరి దగ్గర గుర్తొచ్చి చెమటలు పట్టించుకున్నాను.

ఇక మీ తాతగారి చాకు. బాబూ, దాన్ని మెరిపించకండి. బఫింగ్ చక్రం దగ్గరికి అసలు తీసుకెళ్ళకండి, ముద్ర పోతే ఆ చాకు చరిత్ర పోతుంది. ముందు కీలులో కుట్టు మిషన్ నూనె వేసి రెండు రోజులు వదిలేయండి. తెరిచేటప్పుడు బిగుసుకుంటే బలవంతం చేయకుండా మళ్ళీ నూనె వేయండి. ఎర్ర తుప్పు మీద నూనె రాసి, రాగి రేకు ముక్క అంచుతో మెల్లగా గీకండి. రాగి ఉక్కు కన్నా మెత్తన, తుప్పును లేపుతుంది, బ్లేడుకు గీత పడనివ్వదు. నల్లగా ఉన్న పొర ఉండనివ్వండి. పిడి పగులు ఇప్పుడే బాగుచేయించకండి. బ్లేడు మొదట్లో ముద్ర ఉన్న వైపు ఒక ఫొటో తీసి పంపండి. ఉదయం ఎండ వాలుగా పడే వేళ తీస్తే అరిగిన అక్షరాలు కూడా నీడ పట్టి కనిపిస్తాయి. వెన్ను మందం కూడా కొలిచి రాయండి.